తల లేని విమర్శ

మూఢవిశ్వాసాలను ఖండిస్తూ మనవాళ్ళు రాసే కథలకు ఒక అచ్చు తయారయింది. పల్లెటూరు. జాతర. ఒక స్త్రీకి పూనకం వస్తుంది. సెలవులకు వచ్చిన చదువుకున్న కుర్రవాడో, కొత్తగా వేసిన డాక్టరో జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి అదంతా నటన అని రుజువు చేస్తాడు. పూజారి తప్పుకుంటాడు. జనం తలలు వంచుకుంటారు. రచయిత జనాన్ని మేలుకొలిపానని తృప్తిపడతాడు. ఇటువంటి కథలను మెచ్చుకుంటూ సమీక్షలు రాసినవాళ్ళలో నేనూ వున్నాను గనక ఎవరి పేర్లూ ఎత్తదలచుకోలేదు. పేర్లు ఎత్తితే తగువు మిగులుతుంది, విషయం జారిపోతుంది.

ఈ కథల్లో శాస్త్రం లేదన్నదే నా ఫిర్యాదు. పూజారి "అమ్మవారు వచ్చింది" అంటాడు. రచయిత "నటిస్తున్నది" అంటాడు. ఆ మనిషి తలలో ఏం జరుగుతున్నదో ఇద్దరికీ అక్కర్లేదు. పూజారికి అక్కర్లేకపోవటం సహజం. అది అతని జీవనోపాధి. మనకు అక్కర్లేకపోవటానికి కారణమేమిటి?

అలంపురం మ్యూజియంలో ఒక శిల్పం వుంది. స్త్రీ దేహం, మెడమీద తల వుండవలసిన చోట విచ్చిన పద్మం. పండితులు లజ్జాగౌరి అంటారు. చాళుక్యుల కాలపు పనితనం. దాని ముందు నిలబడినప్పుడల్లా నాకు మన కథల్లో పూనకం వచ్చే స్త్రీ గుర్తుకు వస్తుంది. శిల్పి కనీసం తల వున్న చోట పువ్వు పెట్టాడు. మనం ఏమీ పెట్టలేదు.

అలంపురం ఊసు ఎందుకంటే, ఈ చర్చకు కావలసిన సరంజామా అంతా అక్కడ వుంది. తుంగభద్ర ఒడ్డున 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యులు కట్టిన నవబ్రహ్మ ఆలయాలు వున్నాయి. పేరుకు బ్రహ్మలు, లోపల అన్నీ లింగాలే. పక్కన జోగులాంబ గుడి వుంది. 2005లో మళ్ళీ కట్టారు. అష్టాదశ శక్తిపీఠాలలో ఒకటి. సతీదేవి పైదవడ పళ్ళు అక్కడ పడ్డాయని స్థలపురాణం. అమ్మవారి జుట్టులో బల్లి, తేలు, గబ్బిలం, కపాలం వున్నాయంటారు. ఉత్తరాన గద్వాల దగ్గర జమ్మిచేడులో జములమ్మ జాతర జరుగుతుంది. ఇక ఊరూరా ఎల్లమ్మ, పోచమ్మ వుండనే వున్నారు. డప్పు మోగితే సిగాలూగే ఆడవాళ్ళు ఈ సీమలో ఏ ఊళ్ళోనైనా వుంటారు. వాళ్ళందరూ నటులేనని ఎవరన్నా అంటే, తెలుగు నాటకరంగానికి ఇంత నటీనటుల కరువు ఎందుకు వచ్చిందో కూడా వాళ్ళే చెప్పాలి.

మన పొరపాటుకు మూలం ఒక పాత ఉపమానంలో వుంది. సాహిత్యం సమాజానికి అద్దం అన్నాం. ఆ అలవాటుమీదనే మెదడు ప్రపంచానికి అద్దం అనుకున్నాం. బయట వున్నది ఇంద్రియాలద్వారా లోపలికి వచ్చి యథాతథంగా ప్రతిబింబిస్తుందనీ, వున్నది వున్నట్టు చూడని వాడు అజ్ఞానో, మోసగాడో అయివుండాలనీ తేల్చాం. ఇది భౌతికవాదం అనుకున్నాం కూడా. మెదడు అద్దం కాదని తెలుసుకోవటానికి ఏ ప్రయోగశాలకూ పోనక్కర్లేదు. కాగితంమీద 8 సెంటీమీటర్ల దూరంలో రెండు సిరా చుక్కలు పెట్టండి. ఎడమ కన్ను మూసుకుని, కుడి కంటితో ఎడమ చుక్కనే చూస్తూ, కాగితాన్ని మెల్లగా ముందుకూ వెనక్కూ జరపండి. ఒక అడుగు దూరం ప్రాంతంలో కుడి చుక్క మాయమవుతుంది. కంటినుంచి నాడి బయలుదేరే ఆ చోట చూపునిచ్చే కణాలు లేవు. అయినా అక్కడ మీకు నల్లని రంధ్రం కనిపించదు. తెల్ల కాగితమే కనిపిస్తుంది. ఆ తెలుపు కాగితంనుంచి రాలేదు. మీ మెదడు పూడ్చింది. జీవితమంతా ప్రతి కంటిలోనూ ఒక గుంత పెట్టుకుని తిరుగుతూ, వున్నది వున్నట్టు చూస్తున్నామని ఎదుటివాళ్ళను వెక్కిరిస్తున్నాం.

కంటిలో వెలుగును పట్టే కణాలు 12 కోట్లకు పైగా వున్నాయి. కంటినుంచి మెదడుకు పోయే తంతువులు సుమారు 10 లక్షలు. అంటే వార్త బయలుదేరకముందే కుదించబడుతున్నది. దారి మధ్యలో వున్న మజిలీకి కంటినుంచి వచ్చే సంబంధాలకన్న, మెదడు పైపొరనుంచి దిగివచ్చే సంబంధాలే ఎక్కువ. చూడటమంటే మెదడు తన పూర్వానుభవంనుంచి ఒక ఊహ చేసి, వచ్చిన వార్తతో దాన్ని సరిచూసుకోవటమని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1860లలోనే గ్రహించాడు. ఆ పూర్వానుభవం ఎక్కడనుంచి వస్తుంది? పుట్టిన ఇంటినుంచి, వాడనుంచి, విన్న కథలనుంచి, తిన్న దెబ్బలనుంచి. సమాజం మెదడులోకి ప్రవేశించే దారి ఇదే. ఇంతకన్న మంచి భౌతికవాదం మనకు ఎవరిస్తారు? అయినా మనం అద్దాన్నే పట్టుకు వేలాడుతున్నాం.

ఇప్పుడు పూనకం సంగతి. పొద్దుటినుంచి ఉపవాసం, ఊదు పొగ, వేపమండలు, గంటల తరబడి డప్పు, ఎగశ్వాస, చుట్టూ జనం ఎదురుచూపు. చిన్నప్పటినుంచి తల్లికీ మేనత్తకూ సిగం రావటం చూసి, అది ఎట్లా మొదలవుతుందో, ఎట్లా దిగుతుందో ఆమె దేహానికి తెలుసు. ఒక కులంలో వచ్చే సిగం మరొక కులంలో వచ్చినట్టు వుండదు. దేవత ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకని హేతువాది అడుగుతాడు, సరైన ప్రశ్నే. కాని నటనే అయితే ఆమె తరవాత గుర్తు లేదని ఎందుకంటుందని కూడా అడగాలి. గంట మోగితే పావ్‌లోవ్ కుక్కకు లాలాజలం ఊరింది. ఆ కుక్క నటించిందని మనలో ఎవరూ అనలేదు. గంటలో దేవుడున్నాడనీ అనలేదు. అభ్యాసం దేహమై కూర్చున్నదని అర్థం చేసుకున్నాం. కుక్కకు ఇచ్చిన గౌరవం దళితవాడ స్త్రీకి ఇవ్వటానికి మనకు చేతులు రాలేదు. మిగిలిన 364 రోజులూ పటేలు ముందు నోరెత్తలేని మనిషి ఆ ఒక్క రోజు "ఏరా" అని పిలుస్తుంది. కథకుడికి ఇక్కడ కథ కనిపించలేదు! మోసం మాత్రం కనిపించింది.

మూర్ఛ వేరు. మనవాళ్ళు రెండింటినీ ఒకే గాటకు కట్టారు. మెదడులో ఒక గుంపు నాడీకణాలు హఠాత్తుగా, అదుపు తప్పి, ఒక్కుమ్మడిగా విద్యుత్తును విసర్జించటంవల్ల వచ్చేది మూర్ఛ. హ్యూలింగ్స్ జాక్సన్ 1870లలో ఈ మాట చెప్పాడు. అంతకు ముందు 2,300 ఏళ్ళనాడే, హిపోక్రటీసు పేర చెలామణీ అయ్యే గ్రంథాలలో ఒకటి, జనం పవిత్రమని పిలిచే ఈ రోగం తక్కిన రోగాలకన్న పవిత్రమేమీ కాదనీ, మెదడులో పుట్టేదనీ వాదించింది. మన చరకుడు కూడా అపస్మారాన్ని దోషాలవల్ల వచ్చే జబ్బుగానే లెక్కగట్టి మందులు చెప్పాడు. కాబట్టి ఇది దిగుమతి జ్ఞానమని ఎవరూ చింతపడనక్కర్లేదు.

నా తరగతిలో ఒక అమ్మాయి మూర్ఛతో పడిపోయింది. ఎమ్మే చదివి, ఈ పత్రికలో శాస్త్రీయ దృక్పథంమీద వ్యాసాలు రాసే నేను ఏం చేశానో చెబుతాను. పరుగెత్తి తాళాలగుత్తి తెచ్చి ఆమె పిడికిట్లో కుక్కాను. రెండు నిమిషాలకు కుదుటపడింది. ఇనుము పనిచేసిందని నేను నమ్మానా? ఆ క్షణాన నమ్మాను. మూర్ఛ సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది. ఆ సమయంలో ఎవరు ఏది చేస్తే దానికి పేరు వస్తుంది. తాళాలగుత్తికీ, ఉల్లిపాయకూ, విభూతికీ వచ్చిన పేరంతా ఇట్లా వచ్చిందే. ముందు జరిగినదాన్ని తరవాత జరిగినదానికి కారణంగా కట్టిపెట్టటం మెదడుకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆ విద్య లేకపోతే వానకూ విత్తుకూ సంబంధం కూడా మనిషికి తెలిసేది కాదు. నేను చెయ్యవలసింది ఆమెను పక్కకు ఒత్తిగిలబెట్టి, తలకింద ఏదన్నా మెత్తగా పెట్టి, నోట్లో ఏమీ పెట్టకుండా, గడియారం చూడటం. అయిదు నిమిషాలకు ఆగకపోతే ఆసుపత్రికి తీసుకుపోవటం. ఫినోబార్బిటోన్ అనే చవక మాత్ర 1912నుంచి వాడుకలో వుంది. సరిగ్గా మందు వాడితే నూటికి 70 మంది దాకా మూర్ఛలు లేకుండా బతకవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ సంగతి ఏ కథలో చదివారు మీరు?

జనాన్ని అజ్ఞానులనే ముందు చట్టాన్ని చూడాలి. 1955నాటి హిందూ వివాహ చట్టానికి 1976లో చేసిన సవరణ ఉన్మాదం సరసన మూర్ఛను కూర్చోబెట్టింది. మాటిమాటికీ మూర్ఛలు వచ్చే మనిషి పెళ్ళికి అర్హుడు కాదన్నారు. ఆ మాటను 1999లో గాని తీసివెయ్యలేదు. పార్లమెంటులో ఏ గుడీ లేదు, ఏ డప్పూ మోగలేదు.

ఇక జడలు. జోగినీ ఆచారం వేళ్ళూనుకున్న జిల్లాలలో పాలమూరు ఒకటి. (దీన్ని జోగులాంబ గుడికి అంటగట్టటం పేరులోని పోలికవల్ల వచ్చిన తప్పు. పిల్లలను ఇచ్చింది ఊరి దేవతలకు.) దళిత ఇళ్ళలో ఆడపిల్లకు జుట్టు జడలు కడితే అమ్మవారు అడుగుతున్నదని అర్థం చెప్పేవారు. 1988లో దీన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. జడలకు మెదడుతో ఏ పనీ లేదు. తల్లిదండ్రులు వలసపోయిన ఇంట్లో నూనే దువ్వెనా పడని జుట్టు అది. కత్తెరతో పోయేది. కత్తెర పట్టనివ్వనిది మాత్రం మెదడే: పిల్లది కాదు, ఊరిది. జుట్టు కోస్తే కీడు తగులుతుందని తల్లికి కాళ్ళు వణుకుతాయి. ఆ వణుకు నిజం. ఆ వణుకుమీద రాత్రి ఆ ఇంటి తలుపు తట్టే హక్కు ఎవరికి దక్కిందో అది కూడా నిజం. "మూఢురాలు" అని తల్లిని తిట్టి మొదటిది కొట్టేస్తే రెండోది కూడా కథలోంచి జారిపోతుంది. తలుపు తట్టినవాడు హాయిగా వుంటాడు.

జొన్నల సంగతి కూడా చెప్పాలి. దక్కనులో జొన్నే ప్రధానంగా తినే పేదలకు పెల్లగ్రా అనే జబ్బు వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం కమిలి పొక్కుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, తరవాత దిగులు, మతిభ్రమ. హైదరాబాదు పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీనికి జొన్నలో అధికంగా వుండే లూసిన్ కారణం కావచ్చునని ప్రతిపాదించారు. తరవాత దానిమీద వాదోపవాదాలు జరిగాయి. ఒక విటమిను కొరతవల్ల మనిషి మతి చలిస్తుందన్నదానిలో మాత్రం వాదం లేదు. దయ్యం పట్టిందనుకున్న మనిషికి కావలసింది మంత్రమూ కాదు, హేతువాద ఉపన్యాసమూ కాదు. పప్పూ, పాలూ, వేరుసెనగలూ.

ఇంకొక మాట, కొంచెం చేదుగా. సతీదేవి పళ్ళు పడ్డాయన్న చోట గుడి కట్టుకున్నాం. బాణామతి చేస్తున్నదని అనుమానించి తెలంగాణ పల్లెల్లో ముసలివాళ్ళ పళ్ళు ఊడగొట్టిన చోట్లు వున్నాయి. అక్కడ ఏమీ కట్టలేదు. అక్కడ పళ్ళు ఊడగొట్టినవాళ్ళు నటిస్తున్నారని ఏ కథకుడూ అనలేదు సుమండీ. వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మారు. నటన అనే ఒక్క మాటతో సరిపెట్టుకునే విమర్శకు ఈ హత్యాకాండను వివరించే శక్తి లేదు.

ఇట్లా మాట్లాడితే ఛాందసులకు ఊతమిచ్చినట్టు అవుతుందని ఒక మిత్రుడు హెచ్చరించాడు. గుడిలోని ప్రకంపనలు మెదడు నాడులను మేలుకొలుపుతాయని కోటు వేసుకుని చెప్పేవాళ్ళు ఇప్పుడు పెరిగారు, నిజమే. వాళ్ళకు జవాబు సులభం: ఆ ప్రకంపనలను కొలిచి చూపండి. కొలవలేరు. అయితే అనుభవం నిజమని ఒప్పుకోవటం వేరు, ఆ అనుభవానికి అనుభవించినవాళ్ళు చెప్పే కారణాన్ని ఒప్పుకోవటం వేరు. కోసేసిన చెయ్యి నొప్పిపెడుతున్నదని రోగి అంటే, ఆ నొప్పి వున్నది, ఆ చెయ్యి లేదు. మెదడులో ఆ చేతి పటం చెరిగిపోలేదు. వైద్యుడు రోగిని అబద్ధాలకోరు అనడు. లేని చేతికి కట్టూ కట్టడు. ఈపాటి వివేకం విమర్శకుడికి ఎందుకు వుండరాదు?

1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగినప్పుడు కాళోజీ "నా గొడవ"ను శ్రీశ్రీ ఆవిష్కరించాడు. ఒక మనిషి తన గొడవను తన నోటితో చెప్పుకోవటం సాహిత్యమని మనం ఒప్పుకున్న ఊరు అది. మన కథల్లో పడిపోయే ఆడపిల్లకు ఆ నోరు లేదు. ఆమె పడిపోతుంది, చుట్టూ వున్నవాళ్ళు మాట్లాడతారు, చివర డాక్టరు మాట్లాడతాడు.

నా తరగతిలో పడిపోయిన అమ్మాయి మందులు మొదలుపెట్టిన చాలాకాలానికి, పరీక్ష రుసుము విషయం అడగటానికి వచ్చి, మాటల్లో ఒక సంగతి చెప్పింది. "సార్, పడేముందు నాకు రొట్టె మాడిన వాసనొస్తది. ఇంట్ల పొయ్యి ముట్టియ్యకున్నా వస్తది. చిన్నప్పటిసంది అంతే." మూర్ఛ మెదడులో ఏ భాగంలో మొదలవుతుందో చెప్పే గుర్తు అది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న అదేనట. ఇంట్లోవాళ్ళు అడగలేదు, గుడి దగ్గర అడగలేదు. తాళాలగుత్తి పట్టుకుని నిలబడిన నేనూ అడగలేదు.