టీకొట్టు దగ్గర ఆమె మాట

2025 నవంబరు 2న నవీ ముంబయిలో హర్మన్‌ప్రీత్ కౌర్ సారథ్యంలోని భారత మహిళల క్రికెట్ జట్టు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి ప్రపంచకప్పు ఎత్తింది. ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణి కడప జిల్లా పల్లెటూరి పిల్ల. అయినా గుంటూరు, ప్రకాశం ఊళ్లలో క్రికెట్ చర్చ ఇంకా టీకొట్టు బల్లమీది మగవాళ్ల సొత్తే. మిరపకోతకు వెళ్లొచ్చిన అమ్మాయి ఫలానా బౌలర్‌కు ఆ ఓవర్ ఇవ్వడం తప్పంటే, ‘నీకేం తెలుసు?’ అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది.

ఈ జబ్బు పల్లెలది మాత్రమే కాదు. 2003 ప్రపంచకప్పు సమయంలో టీవీలో వ్యాఖ్యాతగా కూర్చున్న మందిరా బేడీ ఏమడిగిందో వదిలేసి, ఆమె చీరల గురించే చాలామంది మాట్లాడుకున్నారు. ఇరాన్‌లోనైతే మగవాళ్ల ఫుట్‌బాల్ మ్యాచ్‌కు టికెట్ కొనుక్కునే వీలు ఆడవాళ్లకు దాదాపు 40 ఏళ్ల తర్వాత, 2019 అక్టోబరులో గాని దక్కలేదు.

మాట వింటే ఏమవుతుందో విశాఖ చూపించింది. స్మృతి మంధాన సూచించాక, అక్కడి స్టేడియం స్టాండ్లకు మిథాలీ రాజ్, మన రావి కల్పన పేర్లు పెట్టారు. అడిగింది పేరున్న క్రీడాకారిణి కాబట్టి విన్నారు, సరే. గ్యాలరీలో కూర్చున్న అమ్మాయి అడిగితే?

గుంటూరు, ఒంగోలు కేబుల్ ఛానళ్లు, వాటితోపాటు ఈ పత్రిక కూడా, మ్యాచ్ మర్నాటి విశ్లేషణకు కనీసం ఒక ప్రేక్షకురాలిని పిలవాలి. వచ్చే సీజన్ నుంచే మొదలుపెట్టాలి.