రియోహాలో వాన మనకన్నా తక్కువే!

మా టీమ్‌లో ఒకాయన ఉన్నాడు. ప్రతి సోమవారం ఒక స్టార్టప్ ఐడియా మోసుకొస్తాడు. పోయిన వారం నా వంతొచ్చింది. స్పెయిన్‌లో రియోహా అనే ప్రాంతం ఉందట, అక్కడ ఏడాదికి పడేది 400 మిల్లీమీటర్ల చిల్లర వానేనట, అయినా అక్కడి వైను ప్రపంచమంతా తాగుతోందట. "మీ పరిగిలో అంతకన్నా ఎక్కువే కదా పడేది? ఐదెకరాలు అమ్ముకోవడం దేనికి, ద్రాక్ష పెట్టండి" అన్నాడు.

నవ్వేసి ఊరుకునేవాణ్ణే. కానీ ఇంట్లో అమ్మకం మాట నడుస్తోంది. 2019లో పెనుకొండ పక్కన కియా కార్లు బయటికి రావడం మొదలయ్యాక బ్రోకర్లు మా గడప వదలడం లేదు. అందుకని రెండు రాత్రులు కూర్చుని చదివాను.

వాన లెక్క నిజమే. మన ఉమ్మడి అనంతపురం సగటు 550 దరిదాపుల్లో ఉంటుంది, రియోహాలో లొగ్రోన్యో పట్నానికి సుమారు 400. కారణమూ ఒకటే. మనకు పడమటి కనుమలు అడ్డం, వాళ్ళకు ఉత్తరాన కాంతాబ్రియా కొండలు అడ్డం. అట్లాంటిక్ మేఘాలు ఆవలే కురిసేస్తాయి. మధ్యలో ఎబ్రో నది. రియోహా అన్న పేరు ఓహా అనే చిన్న ఏటి నుంచి వచ్చిందని ఒక మాట. అంటే మన జయమంగళి లాంటిదన్నమాట. అది పరిగి దగ్గర పెన్నలో కలిసినట్టే, ఇదీ ఇంకో ఏట్లో కలిసి ఎబ్రోలోకి పోతుంది.

మావాడు ఇక్కడే ఆగిపోయాడు. మిల్లీమీటర్లు కూడితే సరిపోదు కదా. వాళ్ళకు గట్టి చలికాలం ఉంది. తీగ ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది, కోత దాకా వేసవి పొడిగా ఉంటుంది. మనకు ఆ నిద్రే లేదు. అందుకే ఇక్కడ ద్రాక్షను ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, మనమే దానికి కాలం నేర్పాలి. మన వానలో పెద్ద భాగం సెప్టెంబరు, అక్టోబరుల్లో దబదబా పడి పోతుంది. మిగతా నెలలు బోరే దిక్కు. వాళ్ళ దేశంలో 1996 దాకా వైను తోటకు నీళ్ళు కట్టడమే మామూలుగా నిషేధం. మా ఊళ్ళో బోరు లేకుండా పంట అంటే నన్ను ఊరి పొలిమేర దాటిస్తారు :)

అలాగని మావాడి ఐడియా మరీ పిచ్చిదీ కాదు. పెన్న పుట్టిన నంది కొండల కిందే 1988లో మొదలైన గ్రోవర్ వాళ్ళ తోటలున్నాయి. ఆ చుట్టుపక్కల పండే బెంగళూరు బ్లూ ద్రాక్షకు జీఐ గుర్తింపు కూడా ఉంది. హిందూపురం నుంచి గంటన్నర దూరం.

నాకు నచ్చింది తోట కాదు, వాళ్ళ చట్టం. రియోహా కథలో అదృష్టం చాలానే ఉంది. 1860లలో రైలు వచ్చింది, అదే కాలంలో ఫ్రాన్సు తోటల్ని ఫిలోక్సెరా పురుగు తినేసింది, బోర్డో వ్యాపారులు సరుకు కోసం కొండ దాటి వచ్చారు. 1900 అటూ ఇటూగా ఆ పురుగు వీళ్ళ తోటల్లోకీ దిగింది. దానితో కథ ముగిసిపోవాల్సింది. ముగియలేదు. 1925లో "రియోహా" అనే పేరుకే చట్టం కట్టారు. 1991లో స్పెయిన్ మొత్తంలో మొదటిసారి "కలిఫికాడా" అనే పై హోదా దానికే దక్కింది. నియంత్రణ మండలి ఒకటి ఉంటుంది. ఎర్ర ద్రాక్షైతే హెక్టారుకు 6,500 కిలోలు మించి తీయకూడదు. అంటే ఎకరాకు రెండున్నర టన్నుల పైచిలుకు!

ఈ ముక్క ఫోన్లో చెబితే నాయన కాసేపు మాట్లాడలేదు. "పండేదాన్ని పండనీకుండా ఆపుతారా? వాళ్ళకేమైనా పిచ్చా అప్పా?" అన్నాడు.

పిచ్చి కాదు నాయనా, పేరు కాపాడుకోవడం. అది కూడా అన్ని జబ్బులకూ మందు కాదులెండి. 2023లో అమ్ముడుపోని రియోహా వైనును సర్కారు సొమ్ముతో సారాయిగా కాచాల్సి వచ్చింది. అయినా ఆ పేరుతో సీసా అమ్మాలంటే ద్రాక్ష ఆ గడ్డ మీదే పండాలి.

మరి మన సంగతి? చరిత్ర తక్కువై కాదు. పెనుకొండలో దొరికిన గంగరాజుల రాగిరేకుల్లో పరువి పెద్దచెరువు కింది మడుల ప్రస్తావన ఉంది. దాదాపు 5వ శతాబ్దం నాటిది. ఆ పరువే మన పరిగి అంటారు పండితులు. మా ఇంట్లో ఇప్పటికీ మల్బరీ ఉంది, పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్‌కు పోతాయి. ధర్మవరం పట్టుచీరకు జీఐ ఉంది. కానీ ఆ చీరలో పోగు ఏ ఊరి గూటిదో, అసలు ఏ దేశానిదో, కొనే ఆవిడకు చెప్పే చీటీ లేదు. చైనా పట్టు దిగినప్పుడల్లా నాయన రేటు పడిపోతుంది. రియోహా రైతు అడిగింది ఈ చీటీయే. ద్రాక్ష తెచ్చి నాటడం కన్నా మనం అడగాల్సింది కూడా అదే అని నా మట్టుకు నాకు అనిపిస్తోంది. రీలర్లు, మగ్గాల వాళ్ళు, రైతులు ఒక గదిలో కూర్చోవాలి. కోడ్ రాయడం కన్నా కష్టమైన పని, ఒప్పుకుంటాను.

మావాడికి ఇదంతా చెబితే "మరి ద్రాక్ష?" అన్నాడు. నాయనకు చెబితే "సరే, ఈసారి గూళ్ళు మార్కెట్‌కు తోలేటప్పుడు నువ్వే రా, వాళ్ళతో నువ్వే మాట్లాడు" అన్నాడు. శుక్రవారానికి లీవు పెట్టాను. బ్రోకరుకు ఇంకా ఏమీ చెప్పలేదు.