కోడిజుట్టు జెముడు



నర్సరీలలో, ఒక్కోసారి కోత పండుగ వేలంలో కూడా, ఒక వింత ముళ్ల మొక్క కనబడుతుంది. నిటారుగా ఎదగవలసిన జెముడు అడ్డంగా విచ్చుకొని, విసనకర్రలాగా, కోడిజుట్టులాగా మడతలు పడి ఉంటుంది. ముచ్చటపడి కొని వసారాలో పెట్టుకుంటాం. నవంబరులో వాయుగుండం పట్టి నాలుగు రోజులు వాన కురిస్తే అడుగున మెత్తబడి కూలిపోతుంది. మన నెల్లూరు తీరంలో ఈ మొక్కలు చచ్చేది ఎండకంటె వానకే ఎక్కువ.

గులాబీ పోతే అదే రకం మరొకటి తెచ్చుకోవచ్చు. దీని సంగతి వేరు. ఏ రెండూ ఒకే తీరున మడతలు పడవు. పూలతోటలో వేసుకొనే కోడిజుట్టు పువ్వుకు ఆ జుట్టు గింజలోనే వస్తుంది. జెముడుకు అలా రావడం చాలా అరుదు. దానినుండి కోసిన ముక్కే దానికి వారసత్వం. గనుక కుండీ ఒక్కటే ఉన్నవారు ఈ ఏడు ఒక ముక్క కోసి వేరుగా పెంచండి, ఇంకొక ముక్క పొరుగింటివారికి ఇవ్వండి. మీది కుళ్లినా వాళ్లింటిది ఉంటుంది.

జుట్టు ఎందుకు వస్తుందంటే, మామూలు కొమ్మకు ఎదిగే చోటు కొసన ఒక చుక్కంత ఉంటుంది. ఆ చుక్క ఎందుచేతనో సాగి గీత అవుతుంది. అప్పుడు కొమ్మ పొడవుకు బదులు వెడల్పుకు పెరిగి, చోటు చాలక ముడతలు పడుతుంది. గాయమని, పురుగుకాటని, పుట్టుకలోని మార్పని పలు కారణాలు చెబుతారు. ఇది పక్క మొక్కలకు అంటుకొనే తెగులు కాదు, భయపడి పారవేయకండి.

కత్తి పట్టకముందు చూసుకోవలసినది ఒకటుంది. మనం జెముడు అని పిలిచేవి రెండు వేరు వేరు కుటుంబాలు. నాగజెముడు అసలైన కాక్టస్, అమెరికా ఖండంనుండి వచ్చినది; గాటు పెడితే నీరులాంటి జిగురే తప్ప పాలు రావు. ఆకుజెముడు, బొంతజెముడు గాటు పెడితే తెల్లని పాలు కారతాయి. కోడిజుట్టు రకాలు రెండింటిలోను ఉన్నాయి. పాలు కారేది పాలు కారే కాడమీదే అంటు కలుస్తుంది, కాక్టస్ కాక్టస్ మీదే. పులిపిర్లకు ఈ పాలు రాసే పెద్దలు ఇంకా ఉన్నారు. నా మట్టుకు నేను ఆ సలహా ఇవ్వను. కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పసిపిల్లలను దూరంగా ఉంచి, చేతులకు తొడుగులు వేసుకొని కోయండి. పొరపాటున కంట్లో పడితే పావుగంటసేపు శుభ్రమైన నీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కోతకు మన వైపు మంచి కాలం సంక్రాంతి దాటినప్పటినుండి మార్చి వరకు. వానలు వెనుకబడి, ఎండ ఇంకా ముదరదు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, రెండు మూడు వేళ్ల వెడల్పు ముక్క కోయండి. పై అంచు చెడకుండా రావాలి, ఎదిగేది ఆ అంచే. నీడలో పది పదిహేను రోజులు ఆరబెడితే కోసిన చోట పొర కడుతుంది. అప్పుడు పొడి ఇసుకమీద కొద్దిగా ఆనించి నిలబెట్టండి. వేరు పట్టేదాకా నీళ్లు పోయకపోవడమే మేలు.

అంటు కట్టాలంటే కాక్టస్‌కు ఇప్పుడు సులువైన ఆధారం ఉంది. డ్రాగన్ ఫ్రూట్ తోటలు చాలాచోట్ల వచ్చాయి గదా, కత్తిరించిన కాడలు అడిగితే ఇస్తారు. మూడంచుల కాడను జానెడు ముక్కగా నాటి, వేరు పట్టాక తల సమంగా కోయండి. మధ్యలో చిన్న వలయం కనబడుతుంది. జుట్టు ముక్క అడుగున కూడా అలాంటి గీత ఉంటుంది. ఆ గీత ఈ వలయంమీద పడేటట్టు వెంటనే అద్ది, కుండీ అడుగునుండి రబ్బరు బ్యాండ్లు వేసి పది రోజులు నీడలో ఉంచండి. కోతమీద నీటిచుక్క పడకూడదు. పాలు కారే రకానికైతే ఆకుజెముడు కాడను నోరు తెరిచినట్టు చీల్చి, జుట్టు ముక్క అడుగును ఆప్పులాగా చెక్కి దానిలో దించుతారు. పాలు ఆగేదాకా తడిగుడ్డతో తుడవాలి.

మట్టి సంగతి. సముద్రపు ఇసుక ఉప్పు, వాడకండి. మైపాడు, కోడూరు వైపువారు కూడా పెన్న ఇసుక తెప్పించుకోవడమే మంచిది. సగం ముతక ఇసుక, మిగిలిన సగంలో ఇటుక ముక్కలు, బాగా మాగిన పశువుల ఎరువు. అడుగున చిల్లి ఉన్న మట్టికుండీ చాలు. బోరునీళ్లు ఉప్పగా ఉండి మట్టిమీద తెల్లని పొర కడుతుంటే, వాననీళ్లు పట్టి ఉంచుకొని పోయండి. అక్టోబరునుండి డిసెంబరు వరకు చూరుకింద, వెలుతురు తగిలే చోట పెట్టాలి. మే నెలలో మధ్యాహ్నపు ఎండ అంచును మాడుస్తుంది, వేపచెట్టు నీడకు మార్చండి.

మడతల సందుల్లో దూదిలాంటి పిండినల్లి చేరుతుంది. దూదిపుల్లను స్పిరిట్‌లో ముంచి తుడిస్తే పోతుంది. నలిపితే ఎర్రరంగు కారితే అది కొచినీల్ పురుగు. దీన్ని తేలికగా తీసుకోవద్దు. పొలాలను ఆక్రమించిన నాగజెముడును అణచడానికి 1926లో శ్రీలంకనుండి దక్షిణ భారతానికి తెప్పించినది ఈ జాతి పురుగునే. అంత పెద్ద పొదలనే తినివేసింది, కుండీలోని మొక్క దానికి ఒక లెక్కా!

ఎప్పుడైనా జుట్టులోనుండి మామూలు కొమ్మ నిటారుగా లేస్తుంది. కొత్త చిగురని సంతోషించి వదిలేస్తారు చాలామంది. అది జుట్టుకంటె వేగంగా ఎదిగి బలమంతా లాగేసుకుంటుంది. మొదలంటా కోసివేయాలి. అంటుకాడనుండి వచ్చే పిలకలనూ అంతే. కోసిన కొమ్మను పారవేయక నాటుకోండి. పొరుగింటికి ఇచ్చే ముక్కకు వచ్చే సంక్రాంతికి అదే ఆధారపు కాడగా పనికివస్తుంది.