బండిలోకి ఎక్కకముందే

"ఇంజన్ కట్టడం అయిపోయింది సార్, ఎక్కించి సెల్ఫ్ కొడితే దాని సంగతి తెలిసిపోతుంది." పాత అంబాసిడర్‌నో ప్రీమియర్ పద్మినినో ప్రాణంగా చూసుకునేవాళ్లు ఈ మాట వినకుండా ఉండరు. బోరు కొట్టించి, రింగులూ బేరింగులూ మార్చి, హెడ్డు బిగించిన ఇంజన్‌ను చైన్ బ్లాకుతో ఎత్తి నేరుగా బానెట్ కింద దించేయడమే మన షెడ్లలో పద్ధతి. ముందు బయట ఒక ఇనప చట్రం మీద పెట్టి నడిపి చూద్దామంటే, అదంతా పనిలేనివాళ్ల చాదస్తమని కొట్టిపారేస్తారు. రేడియేటరు, బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు అన్నీ బండిలోనే ఉండగా వేరే స్టాండు ఎందుకన్నది వాళ్ల ప్రశ్న. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ఆ పద్ధతి తప్పు. చేతిలో పని ఉన్న మెకానిక్‌కూ నష్టం, డబ్బు పెట్టే యజమానికి అంతకన్నా నష్టం.

బండిలో కూర్చున్న ఇంజన్ మనకు ఎంతవరకు కనిపిస్తుంది? పైభాగం, ముందు భాగం, పక్కల్లో కొంత. వెనకవైపు మొత్తం గేరుబాక్సు కప్పేస్తుంది. పాత ఇంజన్‌కు అసలు జబ్బులు ఉండేది అక్కడే. క్రాంకు వెనక ఆయిల్ కారడం, క్యామ్‌షాఫ్ట్ చివరి ప్లగ్గు సరిగా కూర్చోకపోవడం, చాంబర్ గ్యాస్కెట్ వెనక మూల నలిగిపోవడం వంటివి ఇంజన్ వేడెక్కి, ఆయిల్ పల్చబడి, ప్రెషర్ మీద నడిచినప్పుడే బయటపడతాయి. బండిలో అయితే కారిన ఆయిల్ క్లచ్ మీద పడి, నాలుగు రోజులయ్యాక అది జారుతోందని తెలుస్తుంది. మళ్లీ గేరుబాక్సు దించాలి, మళ్లీ కూలీ ఇవ్వాలి. అదే చట్రం మీద ఉంటే వెనక్కి వెళ్లి టార్చి వేసి చూస్తే చాలు. కారే చోటు కంటికే కనిపిస్తుంది, గంటలో సరిచేసుకోవచ్చు.

ఇంతకన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. 30, 40 ఏళ్ల బండిలో ఇంజన్ ఒక్కటే పాతది కాదు. ట్యాంకులో తుప్పు ఉంటుంది, వైరింగ్ ఎలుకలు కొరికి ఉంటుంది, ఎర్తింగ్ వదులై ఉంటుంది, రేడియేటర్ సగం పూడిపోయి ఉంటుంది. కొత్తగా కట్టిన ఇంజన్ ఆ బండిలో స్టార్ట్ కాకపోతే తప్పు ఎవరిదో తేల్చేదెలా? తేల్చలేక సెల్ఫ్ మీద సెల్ఫ్ కొడతారు. క్యామ్ మీదా టాపెట్ల మీదా పూసిన గ్రీజు కొట్టుకుపోతుంది, పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. ఇంజన్ ఇంకా సరిగా నడవకముందే అరుగుదల మొదలవుతుంది. స్టాండు మీద ఆ గందరగోళం ఉండదు. బ్యాటరీ మంచిది, కాయిలు మంచిది, పెట్రోలు శుభ్రమైనది అని మనకు ముందే తెలుసు. అప్పటికీ మిస్ కొడుతుంటే జబ్బు ఇంజన్‌లోనే ఉందని సందేహం లేకుండా చెప్పవచ్చు.

ఇది ఇప్పుడెవరో కొత్తగా కనిపెట్టిన సరదా కాదు. 1893లో క్రిస్మస్ ముందురోజు రాత్రి హెన్రీ ఫోర్డ్ తన మొదటి ఇంజన్‌ను డెట్రాయిట్‌లోని అద్దె ఇంటి వంటగదిలో, సింకుకు బిగించి నడిపాడు. సిలిండర్ గ్యాస్ పైపు ముక్కతో చేసింది, స్పార్కు ఇంటి కరెంటు నుంచి తీసుకున్నది. భార్య క్లారా పక్కన నిలబడి పెట్రోలు చుక్కలు చుక్కలుగా పోసింది. ఆయన మొదటి బండి రోడ్డెక్కింది 1896 జూన్‌లో.

రైట్ సోదరుల కథ ఇంకా సూటిగా ఉంటుంది. వాళ్ల సైకిలు షాపులో చార్లీ టేలర్ కట్టిన నాలుగు సిలిండర్ల ఇంజన్‌ను 1903 ఫిబ్రవరిలో అక్కడే నేలమీద నడిపి చూశారు. రెండో రోజే పెట్రోలు బేరింగ్‌లోకి కారి, బేరింగ్ పట్టేసి, అల్యూమినియం క్రాంక్‌కేసు పగిలిపోయింది. కొత్తది పోత పోయించి, మే నెలలో మళ్లీ నడిపారు. అదే ఏడు డిసెంబరు 17న విమానం ఎగిరింది. ఆ బేరింగ్ షాపులో కాకుండా గాలిలో పట్టేసి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పాలా? కార్ల కంపెనీలు కూడా తమ ఇంజన్లను బండిలో పెట్టకముందే పరీక్షిస్తాయి. ఫ్యాక్టరీలో కొత్త ఇంజన్‌కు అవసరమైన పరీక్ష, షెడ్డులో చేత్తో కట్టిన పాత ఇంజన్‌కు మాత్రం అక్కర్లేదని ఏ లెక్కన అంటారో నాకు అర్థం కాదు.

ఇక స్టాండు కట్టడం ఎంత పని? వెల్డింగ్ షాపులో దొరికే ఇనప చానెల్‌తో నేలమీద వెడల్పాటి చట్రం వేయాలి. దాని మీద ముందు రెండు కాళ్లు నిలబెట్టి, ఇంజన్ సొంత మౌంటింగులూ సొంత రబ్బర్లతోనే బిగించాలి. వెనక ఖాళీ బెల్ హౌసింగ్ తగిలించి, దాన్ని ఒక అడ్డ కమ్మీకి పట్టించాలి. చాలా ఇంజన్లలో సెల్ఫ్ మోటారు బిగిసేది ఆ హౌసింగ్‌కే కాబట్టి అది ఎలాగూ కావాలి, పైగా తిరిగే ఫ్లైవీల్‌కు అదే కాపలా. యాక్సిలరేటర్ ఒక్కసారి లాగితే ఇంజన్ పక్కకు ఒరగబోతుంది. అందుకే చట్రం వెడల్పు విషయంలో పిసినారితనం పనికిరాదు. చక్రాలు పెట్టుకుంటే తోసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది కానీ, నడిపేటప్పుడు చట్రం నేలకు ఆనాలి. ఇంజన్‌ను వెనక నాలుగు బోల్టులతో పట్టి గిరగిరా తిప్పుకునే రిపేరు స్టాండు ఒకటి బజారులో దొరుకుతుంది. అది విప్పడానికీ బిగించడానికీ మాత్రమే. దాని మీద ఇంజన్ నడపకూడదు.

ముందు రేడియేటరు పెడితే సొంత ఫ్యానే చల్లబరుస్తుంది. డైనమోకు వైర్లు కలపక్కర్లేదు కానీ బెల్టు ఉండాలి, వాటర్ పంపు తిరిగేది దానితోనే. కార్బరేటర్ కన్నా అడుగు, అడుగున్నర ఎత్తులో, సైలెన్సర్‌కు దూరంగా ఒక పాత బైకు ట్యాంకు పెడితే పెట్రోలు దానంతటదే దిగుతుంది. కాయిల్‌కు కరెంటు ఒక స్విచ్చు గుండా రావాలి, ఆ స్విచ్చు మనిషి చేతికందే చోట ఉండాలి. బ్యాటరీ నుంచి బ్లాకుకు మందపాటి కేబుల్ వేయాలి, సన్న వైరు వేస్తే సెల్ఫ్ లాగే కరెంటుకు కాలిపోతుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఆయిల్ ప్రెషర్ మీటరు. దీపం వెలిగితే ప్రెషర్ లేదు, ఆరితే ఉంది అని మాత్రమే చెప్పే బల్బు చాలదు, సన్నని గొట్టంతో నేరుగా బ్లాకుకు తగిలించే ముల్లు మీటరే కావాలి.

స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు విప్పేసి, మీటరు ముల్లు లేచేదాకా ఇంజన్‌ను సెల్ఫ్‌తో ఖాళీగా తిప్పాలి. ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయాలి. ఇక్కడే మన షెడ్లలో పాతుకుపోయిన రెండో అపోహను కూడా ఖండించాలి. కొత్తగా కట్టిన ఇంజన్‌ను గంటల తరబడి ఐడిల్‌లో వదిలేస్తే రింగులు సెట్ అవుతాయంటారు. అవ్వవు. పైగా కొత్త క్యామ్, కొత్త టాపెట్లు వేసిన పాతకాలపు ఇంజన్‌లో క్యామ్ మీదికి ఆయిల్ చేరేది చాలావరకు క్రాంకు చిమ్మే చిందుల వల్లే. ఐడిల్‌లో ఆ చిందులు చాలవు. అందుకే స్టార్టయిన వెంటనే నిమిషానికి 2000 తిప్పుల దగ్గర, కాస్త అటూ ఇటూ మారుస్తూ, 20 నిమిషాలు నడపాలి. స్టాండు మీద ఇది తేలిక. ముందే రిహార్సల్ చేసుకున్నట్టు అన్నీ సిద్ధంగా ఉంటాయి, ఏదైనా తేడా వస్తే ఒక్క స్విచ్చుతో ఆపేయవచ్చు. బండిలో ఆ 20 నిమిషాలు నిలకడగా దొరకడం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది.

డైనమోమీటర్ లేని పరీక్ష పరీక్షే కాదనేవాళ్లు ఇంకో వైపు ఉన్నారు. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. స్టాండు మీద ఇంజన్‌కు బరువు ఉండదు. గుర్రపు శక్తి ఎంతో తెలియదు, ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు వచ్చే నాకింగ్ వినిపించదు. రింగులు గోడలకు కుదురుకునేది కూడా బరువు మీద నడిచినప్పుడే. అందుకే స్టాండు మీద అవసరానికి మించి నడపవద్దంటాను. కానీ పాత బండి యజమానికి ముందుగా కావలసింది గుర్రపు శక్తి లెక్క కాదు. ఆయిల్ ప్రెషర్ వేడిలో కూడా నిలుస్తోందా, అడుగున శబ్దం ఉందా, నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయా, నాలుగు సిలిండర్లూ సమానంగా పనిచేస్తున్నాయా అన్నవే ఆయన ప్రశ్నలు. వీటికి జవాబు చెప్పడానికి ఏ డైనమోమీటరూ అక్కర్లేదు.

ప్రమాదం గురించి భయపడేవాళ్ల మాట నేను తోసిపుచ్చను. ఫ్యాన్ చుట్టూ జాలీ లేకుండా, మెడలో తువ్వాలు వేలాడుతుండగా, మూసిన షెడ్డులో ఇంజన్ నడపడం ప్రాణాలతో ఆడుకోవడమే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. కాబట్టి ఆరుబయటే నడపాలి, సైలెన్సర్ పైపు మనుషులకు దూరంగా పెట్టాలి, మంటలార్పే సిలిండర్ పక్కనే ఉండాలి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. అయితే ఈ జాగ్రత్తల్లో ఏది బండిలో నడిపినప్పుడు అక్కర్లేదు? బానెట్ ఎత్తి, తిరిగే ఫ్యాన్ మీదికి వంగి, పెట్రోలు కారే కార్బరేటర్ పక్కన చెయ్యి పెట్టడం రోజూ చూస్తున్నదే. ప్రమాదం ఇంజన్‌తో పాటే ఉంటుంది. చట్రం మీద దానికి కనీసం చుట్టూ చోటుంటుంది.

స్టాండుకు అయ్యే ఇనుము, వెల్డింగ్ కూలీ కలిపినా ఒకసారి గేరుబాక్సు దించి మళ్లీ ఎక్కించే తిప్పలతో పోలిస్తే పెద్ద లెక్క కాదు. ఒకసారి కట్టుకుంటే షెడ్డుకు ఏళ్ల తరబడి పనికొస్తుంది. స్క్రాప్‌లో పాత ఇంజన్ కొనేవాళ్లకైతే ఇది మరీ అవసరం. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, పద్మిని అంతకు చాలా ముందే పోయింది. ఇక దొరికేవి ఉన్నవే. పైగా 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించాలంటే అది అసలు రూపంలోనే ఉండాలి, ఇంజన్ మార్పుచేర్పులు కూడదు. అలాంటి బండికి సొంత ఇంజన్ పోతే దాని గుర్తింపే పోయినట్టు. దాన్ని కట్టించడానికి ఇచ్చే యజమాని అడ్వాన్సు చేతిలో పెట్టేటప్పుడే ఒక షరతు పెట్టాలి: బయట చట్రం మీద, వేడెక్కేదాకా, మీటరు తగిలించి, నా కళ్ల ముందు నడపాలి. ఆపాక ఆయిల్ దించి అందులో లోహపు పొడి ఉందేమో చూపించాలి, చల్లారాక హెడ్డు నట్లు మళ్లీ బిగించి టాపెట్లు సరిచూడాలి. చైన్ బ్లాకు ఆ తర్వాతే తేవాలి, మిగతా డబ్బూ ఆ తర్వాతే ఇవ్వాలి.