పరీక్షలూ, నెలసరీ ఒకేసారి వస్తే...

ఫిబ్రవరి, మార్చి నెలలు వచ్చాయంటే దవాఖానాకు వచ్చే తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "హకీం సాబ్, అమ్మాయికి పరీక్షలున్నాయి. ఆ రోజుల్లోనే నెలసరి వచ్చేలా ఉంది. ఆగిపోవడానికి మందేమైనా ఇస్తారా?" అమ్మాయి తల వంచుకొని తల్లి వెనకాల నిలబడి ఉంటుంది. నొప్పి ఎన్ని రోజులుంటుంది, విరేచనం ఎలా అవుతోంది అని అడిగితే జవాబు తల్లే చెబుతుంది. అదీ సగమే చెబుతుంది.

ఈ విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పరీక్ష రోజు ఉదయం మందు వెతకడం వల్ల పెద్దగా ప్రయోజనం లేదు. పాఠాలు నెల ముందు నుంచి చదివించినట్లే, ఈ బాధకు కూడా నెల ముందే ఇంట్లో ఏర్పాటు జరగాలి. అందుకు మొదట తల్లీకూతుళ్ళు సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి.

నెలసరి నొప్పిని యూనానీలో 'ఉస్ర్-ఎ-తమ్స్' అంటారు. గర్భాశయంలో చలువ చేరడాన్ని దీని కారణాల్లో ఒకటిగా పూర్వపు హకీములు చెప్పారు. అందుకే పొత్తికడుపు మీద వేడి కాపడం (తక్మీద్) పెట్టించేవారు. నేటి వైద్యశాస్త్రం మరో విధంగా వివరిస్తుంది. ఆ రోజుల్లో గర్భాశయం పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పెరిగి, కండరాలను గట్టిగా బిగిస్తాయి. పక్కనే ఉన్న పేగుల మీద కూడా వీటి ప్రభావం పడుతుంది. కనుకనే కొందరు అమ్మాయిలకు మొదటి రోజున కడుపునొప్పితోపాటు రెండు మూడుసార్లు విరేచనాలవుతాయి. దానికి పరీక్ష భయం కూడా తోడైతే పేగులు మరింత కదులుతాయి. ఇది తెలియక 'ఏదో పడని తిండి తిన్నావు' అని పిల్లను కోప్పడే తల్లులున్నారు.

వివరణ ఏదైనా కాపడం పనికొస్తుందనేది ఇద్దరూ ఒప్పుకునే మాట. వేడినీళ్ళ సంచిని గుడ్డలో చుట్టి, 15, 20 నిమిషాలు పొత్తికడుపు మీద ఉంచితే చాలు. గ్లాసు నీళ్ళలో చిన్న అల్లం ముక్క గానీ, అర చెంచా వాము గానీ మరిగించి వడగట్టి, గోరువెచ్చగా తాగవచ్చు. కడుపులో మంట ఉన్నవారు అల్లం తగ్గించి సోంపు నీళ్ళు తాగడం మేలు. మలబద్ధకం ఉన్న అమ్మాయికి రాత్రి నానబెట్టిన అంజీర్, ఆకుకూరలు, తగినన్ని నీళ్ళు ముందు నుంచే అలవాటు చేయాలి. ఇసబ్‌గోల్ వాడితే నిండు గ్లాసు నీటితో తీసుకోవాలి. విరేచనాలు అవుతుంటే పెరుగన్నం, అరటిపండు, ఓఆర్ఎస్ నీళ్ళు ఇవ్వాలి. పరీక్షల వారంలో బిర్యానీలు, బజ్జీలు, ఖాళీ కడుపున టీ మానాలి. నిద్ర తగ్గితే నొప్పిని తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. నిద్ర, ఆహారం, మనసు, విసర్జన ఇవన్నీ ఆరోగ్యానికి తప్పనిసరి అని యూనానీ చెప్పే ఆరు విషయాల్లో ఉన్నవే.

అల్లోపతి మాత్రను శత్రువుగా చూడవలసిన పని లేదు. మెఫెనమిక్ ఆమ్లం, ఐబూప్రొఫెన్ వంటివి నొప్పి మొదలవుతుండగానే, ఏదైనా తిన్న తరువాత వేసుకుంటే బాగా పనిచేస్తాయి. ఆస్తమా, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడరాదు. ఏ మందైనా, మాదైనా సరే, మొదటిసారి పరీక్ష రోజున వాడవద్దు. ముందు నెలలో వాడి చూసుకోవాలి.

రెండు పనులు మాత్రం చేయకండి. ఒకటి, నెలసరిని వాయిదా వేసే హార్మోను మాత్రలు దుకాణంలో అడిగి కొనడం. వాటివల్ల వికారం, కడుపు ఉబ్బరం కలగవచ్చు. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవారికి ప్రమాదం. పైగా ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. పరీక్షలు రెండు మూడు వారాలు సాగితే మరో పేపరు రోజున వచ్చి కూర్చుంటుంది. రెండోది, 'కడుపు శుభ్రం కావాలి' అని పరీక్ష ముందు రాత్రి సునాముఖి (సనా) కలిసిన చూర్ణం ఇవ్వడం. సునాముఖి యూనానీ మందే, కానీ అది పేగులను మెలిపెట్టి విరేచనం చేయిస్తుంది. ఉన్న నొప్పికి మరో నొప్పి తోడవుతుంది.

2025 నుంచి రమజాన్ మాసం ఫిబ్రవరి, మార్చిలలో, అంటే పరీక్షల కాలంలోనే పడుతోంది. ఆ రోజుల్లో ఉపవాసం లేకపోయినా తండ్రి, అన్నదమ్ములు చూస్తారని సాయంత్రం దాకా ఏమీ తినకుండా ఉండిపోయే అమ్మాయిలు మన ఇళ్ళల్లో చాలామంది. ఖాళీ కడుపుతో నొప్పి మాత్ర మింగి పరీక్షకు వెళతారు. ధర్మం ఇచ్చిన వెసులుబాటును మన మొహమాటం లాగేసుకోరాదు. ఆ పూట నాష్తా గదిలోకి తీసుకువెళ్ళి పెట్టడం తల్లి బాధ్యత.

పరీక్షా కేంద్రంలో మరుగుదొడ్డి బాగుండదని ఉదయం నుంచి నీళ్ళు తాగని పిల్లలున్నారు. దీనివల్ల మలబద్ధకం, తలనొప్పి పెరుగుతాయి. 10, 12 తరగతుల బోర్డు పరీక్షల కేంద్రాల్లో శానిటరీ ప్యాడ్లు ఉచితంగా ఉంచాలని, అమ్మాయిలను మరుగుదొడ్డికి వెళ్ళనివ్వాలని 2024 జూన్‌లో కేంద్ర విద్యాశాఖ సూచించింది. అవి ఉన్నాయో లేవో పరీక్షలకు ముందే బడికి వెళ్ళి అడగవలసింది తండ్రులు.

నొప్పి నెలనెలా పెరుగుతున్నా, మాత్రకు తగ్గకపోయినా, ఆ రోజుల్లో మలవిసర్జన బాధగా ఉన్నా, మలంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా, స్పృహ తప్పినా ఇంటి చిట్కాలతో కాలం గడపకండి. వెంటనే స్త్రీల వైద్యురాలికి చూపించాలి. యూనానీ సలహా కావాలంటే బెంగళూరులో జాతీయ యూనానీ వైద్య సంస్థ, చెన్నై, ముంబయి, భద్రక్‌లలో ప్రభుత్వ యూనానీ పరిశోధన కేంద్రాలు ఉన్నాయి.

ఈ రోజే క్యాలెండర్ తీసి, గత రెండు నెలల తేదీలు కూతురిని అడిగి గుర్తు పెట్టుకోండి. దానితోనే సగం పని మొదలవుతుంది.