గడువు తీరిన చలనచిత్రములు

తెలుగు చలనచిత్రమును మొదటి రీలునుండి చివరి రీలువరకు యూట్యూబువంటి ఉచిత ప్రదర్శనస్థలములలో ఉంచవచ్చునా, కూడదా యను వాదము చాలకాలముగా సాగుచున్నది. నిర్మాతలు అది దొంగతనమనుచున్నారు. ప్రేక్షకులు ఊరక దొరకుదానిని విడువనేల యనుచున్నారు. ఈ యిరువురును ఒకే వస్తువును గూర్చి మాటలాడుట లేదని మా యభిప్రాయము. నిన్న విడుదలయైన చిత్రము వేరు, అరువదియేండ్లనాటి చిత్రము వేరు. రెంటిని ఒకే త్రాసున వేయుటచేతనే తగవు తెగకున్నది.

క్రొత్త చిత్రమును గూర్చి యెక్కువ వాదింప బనిలేదు. అది యింకను అంగడిలోనున్న సరకు. దానిపై వడ్డీకి దెచ్చిన సొమ్మున్నది. దానిని నమ్ముకొన్న పనివారున్నారు. 2013లో 'అత్తారింటికి దారేది' చిత్రమున పెద్దభాగము విడుదలకు ముందే బయటికి పొక్కిన సంగతి పాఠకులు మరచియుండరు. 2023లో సవరించిన సినిమాటోగ్రాఫ్ శాసనము ఇట్టి దొంగప్రతులు తీయువారికి మూడునెలలకు తగ్గకుండ మూడేండ్లవరకు కారాగారమును, మూడులక్షల రూపాయలకు తగ్గకుండ నిర్మాణవ్యయములో నూటికి అయిదువంతులవరకు జరిమానాను విధించుచున్నది. ఇది న్యాయమే. యజమాని తానై ఉచితముగ చూపదలచినచో చూపుగాక. ఇతరులకా యధికారము లేదు.

మేము చెప్పదలచినది రెండవ తరగతి చిత్రములను గూర్చి. 1957 నాటి మన కాపీరైటు శాసనము ననుసరించి, చలనచిత్రముపై స్వామ్యము విడుదలయైన మరుసటి సంవత్సరారంభమునుండి అరువదియేండ్లు నిలుచును. మొదట ఏబదియేండ్లే యుండెను. రవీంద్రనాథ ఠాకూరు కృతులపై విశ్వభారతికి గల హక్కు 1991 తుదితో ముగియబోవుచుండగా ప్రభుత్వమువారు మరి పదియేండ్లు పొడిగించిరి. ఆ పొడిగింపు సినిమాలకును దక్కినది. కవి పేరు చెప్పి చేసిన వంటలో వ్యాపారికి కూడ విస్తరి పడినదన్నమాట! ఎట్లైనను, 1957లో వెలువడిన 'మాయాబజారు'పై చిత్రస్వామ్యము 2017 డిసెంబరుతో తీరినది. 1964 నాటి చిత్రముల గడువు 2024 డిసెంబరుతో తీరినది. గూడవల్లి రామబ్రహ్మముగారి 'మాలపిల్ల', జమీందారుల యాగ్రహమును చవిచూచిన 'రైతుబిడ్డ', నాగయ్యగారి 'త్యాగయ్య', కె.వి. రెడ్డిగారి 'యోగి వేమన', 'పాతాళభైరవి', బి.ఎన్. రెడ్డిగారి 'మల్లీశ్వరి' మున్నగునవి యన్నియు ఆ గీటు దాటినవే. చిత్రమువరకు చూచినచో నివి యిప్పుడు ప్రజల సొత్తు. వీనిని ఎల్లరకు ఉచితముగ, సాంతముగ చూపుట తగునా యని యడుగుటయే వింత. చూపకుండుట తగునా యని యడుగవలసియున్నది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. చిత్రముపై హక్కు వేరు, అందలి మాటలపై, పాటలపై కవికి గల హక్కు వేరు. కవి హక్కు ఆయన మరణానంతరము అరువదియేండ్లు నిలుచును. 'పాతాళభైరవి', 'మాయాబజారు'లకు మాటలు, పాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావుగారు 1971లోను, 'మల్లీశ్వరి' గీతకర్త దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు 1980లోను పరమపదించిరి. బొమ్మకు విడుదల వచ్చినను పాటకింకను రాలేదని వాదించువారు కలరు. ఆ వాదమును మేము త్రోసిపుచ్చము. కాని దానివలన తేలునది వాటా మాత్రమే, నిషేధము కాదు. పాటల నడుమ పండ్లపొడి ప్రకటనలు దూర్చి ధనమార్జించువారు అందులో కొంత కవికుటుంబమునకు ఈయవలయును. సినిమాహాలునకు వెలుపల పాట యేరీతిగ వినియోగపడినను అందలి రాయల్టీలో కవికిని, సంగీతకర్తకును సమానభాగముండవలెననియు, ఆ భాగమును వారు వ్రాసియిచ్చినను చెల్లదనియు 2012లో పార్లమెంటు శాసించినది. తరువాతివారికి న్యాయమైనది పింగళివారి వారసులకు అన్యాయమెట్లగును?

ఇంత తొందర యెందుకని కొంద రడుగవచ్చును. 1932లో వెలువడిన మన తొలి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' ప్రతి నేడు లేదు. ఆ కాలపు ఫిల్ము నైట్రేటుతో చేయబడినది. ఎండకు చెడును, నిప్పురవ్వ తగిలిన భగ్గుమనును. చెడనిదానిని సయితము అందలి వెండికై కరిగించి యమ్ముకొన్నవారు మన దేశమున లేకపోలేదు. 1964లో పుణె నగరమున జాతీయ చలనచిత్ర భాండాగారము వెలసినది. అప్పటికే పోయినవెన్నో పోయినవి. భద్రముగనున్నవనుకొన్నవానిలోను, అచటి నైట్రేటు ఫిల్ములు 2003 జనవరిలో అగ్నికి ఆహుతియైనవి. ఒకేచోట దాచిన చిత్రమునకు ఆ చోటే చితియగుట మన మెరిగియు ఇంకను తాళపుచెవులను గూర్చి తగవులాడుచున్నాము.

ఉచితప్రదర్శనమున చిత్రము విలువ పడిపోవునను భయమునకు అమెరికాలో నొక విచిత్రమైన సమాధానము దొరకుచున్నది. 1946లో వెలువడిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' అను చిత్రము మొదట పెట్టుబడియైన రాబట్టలేక మూలబడినది. 1974లో దాని హక్కును ఎవరును నవీకరింపకపోగా, టెలివిజను కేంద్రములవారు రుసుము లేకుండ మాటిమాటికి చూపసాగిరి. అట్లు చూపుటచేతనే అది క్రిస్మసు పండుగలో నొక భాగమై, ఆ దేశపు ప్రతి యింటను నిలిచినది. హక్కు పోవుటచే ప్రాణము వచ్చినదన్నమాట. మన పాతచిత్రములును అంతే. మలేషియాలోనో, మారిషసులోనో, అమెరికాలోనో పెరుగుచున్న తెలుగు పిల్లవానికి ఘటోత్కచుడు పరిచయమైనచో అది సెల్‌ఫోనుమీదనే. ఏ డబ్బాలోనో మురుగుచున్న రీలు ద్వారా కాదు.

అయితే నేడు ఆ స్థలములలో జరుగుచున్నదంతయు మాకు సమ్మతమని యెవరును తలపరాదు. చతురస్రమునకు దాపుగనుండు పాతబొమ్మను పొడుగుతెరకు సాగదీసి నటులను మరుగుజ్జులను జేయుచున్నారు. లేదా తలలు, పాదములు కత్తిరించుచున్నారు. ఛాయాగ్రాహకుడు, కళాదర్శకుడు, కవి మున్నగువారి పేర్లుగల మొదటి పలకలను తీసివేసి తమ చానెలు ముద్రను మూల నతికించుచున్నారు. నిడివి హెచ్చినదని పద్యములు కోసివేయుచున్నారు. పద్యము లేని పౌరాణికము ఉప్పులేని పప్పుకంటె నధమము. ఇంతచేసి, మరియొకడు అదే చిత్రమును శుభ్రముగ ఉంచినచో, అది మాదని ఫిర్యాదు చేయుచున్నారు. యూట్యూబువారు 2007నుండి నడుపుచున్న పోలికయంత్రమునకు బొమ్మ పోలిక తెలియునుగాని గడువు తీరిన సంగతి తెలియదు. ముందు వచ్చి మాదన్నవానిదే పైచేయి యగుచున్నది.

చెరువునుండి కడవెడు నీరు మోసితెచ్చినవాడు కూలి యడుగవచ్చును, చెరువు నాదనరాదు. తీర్పుల ముద్రణను గూర్చిన వివాదమున మన సుప్రీంకోర్టు 2007లోనే, కేవల శ్రమచే స్వామ్యము పుట్టదనియు, సొంతముగ చేర్చినదానిలో కొంతయైన నేర్పు, వివేచన యుండవలెననియు చెప్పియున్నది. 2010లో 'మాయాబజారు'నకు రంగులద్ది విడుదల చేసిరి. ఆ రంగులపై ఎవరికేమి హక్కున్నను అది నలుపుతెలుపుల మూలచిత్రమునకు ప్రాకదు. గడువు తీరిన చిత్రముపై తప్పుడు ఫిర్యాదు చేసినవానికి, దొంగప్రతి తీసినవానికివలెనే శిక్ష యుండవలయును. ప్రైవేటు సొత్తును ప్రజలు తస్కరించిన జైలును, ప్రజల సొత్తును ప్రైవేటువాడు తస్కరించిన లాభమును కలుగుట యెక్కడి ధర్మము?

మరియొక మాట. యూట్యూబు ఒక విదేశవర్తకసంస్థవారి దుకాణము. ఈనాడు ఉచితముగ చూపునది రేపు రుసుము కోరవచ్చును, మరునాడు తీసివేయవచ్చును. అందుంచినంతమాత్రమున చిత్రము భద్రమైనదనుకొనుట భ్రమ. అది చూపుటకు తగిన అరుగు, దాచుటకు తగిన గది కాదు. ఈ రెంటిని వేరుపరచి యెరిగినవారు అన్యదేశములందు కలరు. రష్యాలోని మాస్‌ఫిల్మ్ సంస్థ 2011లో తన చిత్రములను తానే యూట్యూబున సాంతముగ ఉంచ నారంభించినది. దక్షిణ కొరియా చలనచిత్ర భాండాగారమువారు 2012నుండి తమ పాతచిత్రములను మంచిప్రతులనుండి తీసి, ఆంగ్లమున ఉపశీర్షికలు జోడించి, ప్రపంచమునకెల్ల చూపుచున్నారు. మూలప్రతి భాండాగారమున నున్నది. బొమ్మ లోకమున తిరుగుచున్నది. దొంగలకు చోటే లేదు. ఏలయన, యజమానియే మేలైన ప్రతిని వీధిలో నుంచినప్పుడు మాసిన ప్రతి నెవడు చూచును?

మనకు ధనము లేదందురా? 2022 మే నెలలో కేంద్రప్రభుత్వమువారు ఇంచుమించు 2,200 చిత్రముల పునరుద్ధరణకు 363 కోట్ల రూపాయలు ప్రకటించిరి. అది ప్రజలు కట్టిన పన్ను. ఆ సొమ్ముతో శుభ్రమైన చిత్రము గడువు తీరినదైనచో, అది చలనచిత్రోత్సవములందు ఆహూతులకు మాత్రమే కనబడుట మాకు సహింపరాకున్నది. పునరుద్ధరించిన నెలలోనే అది ప్రజలయెదుట నుండవలయును. గడువింకను తీరకున్నను, యజమాని చూపక, ఇతరులను చూపనీయక బిగబట్టిన చిత్రములు కూడ కలవు. బిగబట్టిన కృతికి లైసెన్సు కోరు మార్గము 1957 శాసనముననే యున్నది. కాని అందులకై వ్యాజ్యము నడుపుటకు ఏ యూరి గ్రంథాలయమునకు శక్తి గలదు? ఆ పని భాండాగారమువారే పూనుకొనవలయును.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము వెలసినపుడు, పుస్తకము ఊరక చదువనిచ్చిన కవులు చెడుదురని గోలపెట్టినవారి మాట వినియుండినచో నేడీ పఠనమందిరములు ఉండెడివి కావు. ఇందు కూర్చుండి ఈ పత్రికను తిరుగవేయుచున్న పాఠకులకు ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. ఒక గోడకు తెల్లని గుడ్డ కట్టి, నెలకొకసారి ఒక పాతచిత్రమును సాంతముగ చూపుటకు ఏ గ్రంథాలయమునకైనను పెద్ద వ్యయము కాదు. కావలసినది మంచి ప్రతి.

తెలుగు రాష్ట్రములు రెంటను చలనచిత్రాభివృద్ధి సంస్థలున్నవి. బిరుదులును, బహుమానములును పంచుటలో వానికి మంచి పేరే యున్నది. ఈ సంవత్సరము అవి రెండును కలిసి మరియొక చిన్నపని చేయవలెనని మా కోరిక. పుణె భాండాగారమున మిగిలియున్న తెలుగు చిత్రములెన్ని, ఏ స్థితిలో నున్నవి, వానిలో గడువు తీరినవేవి యను పట్టికను తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రంథాలయమునకు పంపవలయును. ఆ పట్టిక చేతికి వచ్చినచో, అందులేని చిత్రములకై పాత పంపిణీదారుల గిడ్డంగులలోను, మూతబడిన టూరింగు టాకీసుల అటకలమీదను వెదకుట కారంభింపవచ్చును.