పాలపొడి డబ్బాలో క్రిస్మస్ దీపము



నవంబరు నెలాఖరు వచ్చిందంటే పిల్లలు క్రిస్మస్ తార కోసం మారాము మొదలుపెడతారు. బజారులో తార కొనలేని ఇండ్లు మన సంఘములలో తక్కువేమీ కాదు. కొనగలిగినవారి పిల్లలు కూడ దానిని రెండు రోజులు చూచి మరచిపోతారు. తమ చేతులతో చేసిన దీపమునైతే మరుసటి ఏడు వరకు మంచము క్రింద దాచుకొంటారు. ఇది మేము చూచిన సంగతే.

జర్మనీలో ప్రతి ఏటా నవంబరు 11న, సెయింట్ మార్టిన్ దినమున, పిల్లలు లాంతర్లు పట్టుకొని పాటలు పాడుతూ వీధులలో తిరుగుతారు. కొన్ని ప్రొటెస్టంటు ప్రాంతాలలో ఇది 10వ తేదీన, అనగా 1483లో మార్టిన్ లూథరు పుట్టిన రోజున జరుగుతుంది. (మరునాడు బాప్తిస్మము పొందినందున ఆయనకు ఆ భక్తుని పేరే పెట్టారు.) అక్కడ కూడ చాలామంది పిల్లలు అట్టపెట్టెలతోను, ఖాళీ డబ్బాలతోను లాంతర్లు చేసుకొంటారు. కాబట్టి ఇది లేనివారు సరిపెట్టుకొనే పని అని ఎవరూ చిన్నచూపు చూడనక్కరలేదు.

మాకు అన్నిటికంటె ఇష్టమైనది రేకు డబ్బా. ఖాళీ డబ్బాకు మేకు కొడితే రేకు సొట్ట పోతుంది. అందుకని పైన రెండు వేళ్ల ఖాళీ వదలి నీళ్లు పోసి, ఫ్రిజ్‌లో గడ్డ కట్టించాలి. నిండా పోస్తే మంచు వ్యాకోచించి డబ్బా అడుగు ఉబ్బుతుంది. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుక గట్టిగా కూరినా చాలావరకు పని జరుగుతుంది. కాగితముపై తార గీసి డబ్బాకు అంటించి, పాత గోనె మీద పడుకోబెట్టి, గీత వెంబడి సెంటీమీటరుకొక రంధ్రము చొప్పున కొట్టండి. బొమ్మ గీయుట పిల్లల వంతు, సుత్తి నాన్నగారి వంతు. రంధ్రముల అంచులు లోపలి వైపు ముళ్లవలె లేస్తాయి. వాటిని గరిటె కాడతో అణచేవరకు పిల్లలను లోపల చెయ్యి పెట్టనివ్వకండి. అడుగున అంగుళము ఇసుక పోసి, అందులో పొట్టి కొవ్వొత్తి గుచ్చి, తీగతో పిడి కట్టండి.

పాత శుభలేఖల అట్టతో కూడ అందమైన లాంతరు వస్తుంది. కిటికీలు కత్తిరించి, కొబ్బరినూనె పూసిన తెల్ల కాగితము అంటిస్తే వెలుగు మెత్తగా బయటికి వస్తుంది. అయితే నూనె కాగితము ఇట్టే అంటుకొంటుంది. అట్ట లాంతరులోను, ప్లాస్టిక్ సీసాలోను కొవ్వొత్తి పెట్టనే పెట్టవద్దు.

ఇక్కడ కొంచెము గట్టిగానే చెప్పాలి. దేవదూత వేషమని పిల్లలకు నైలాన్ గౌను తొడిగి, దూది రెక్కలు కట్టి, చేతికి వెలుగుతున్న కొవ్వొత్తి ఇచ్చే అలవాటు మన మందిరములలో ఇంకా ఉంది. నైలాన్ కరిగి చర్మానికి అంటుకుపోతుంది. వేషము వేసిన బిడ్డ చేతికి మంట ఇవ్వకండి. ఒకవేళ కాలితే సిరా, టూత్‌పేస్టు, నూనె ఏదీ పూయవద్దు. కుళాయి నీటి క్రింద ఇరవై నిమిషాలు ఉంచి డాక్టరు దగ్గరకు తీసికొనిపోండి.

అందుకే ఇప్పుడు చాలామంది చిన్న బ్యాటరీ దీపములు కొంటున్నారు. మంచిదే. కాని వాటిలో చొక్కా బొత్తామంత బ్యాటరీ ఉంటుంది. పసిబిడ్డ దానిని మింగి, అది గొంతులో ఇరుక్కొంటే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోగలదు. మ్రింగినట్లు అనుమానము కలిగినా చాలు, వాంతి చేయించకుండ వెంటనే ఆసుపత్రికి పరుగెత్తండి. స్క్రూతో బిగించే మూత ఉన్న దీపములే కొనండి.

డబ్బాలు ఇప్పటినుండే పారవేయక దాచండి. మూత తీస్తే అంచు నున్నగా ఉండే పాలపొడి డబ్బాలైతే మేలు. మేకు రెండు అంగుళాలది చాలును.